అమ్ములు కూతురు పట్టుకున్న పళ్ళెం

ఆ శాలువాను కనకదుర్గే మడత పెట్టింది. పళ్ళెంలో సర్ది, పక్కన రెండు అరటిపళ్ళు పెట్టి, పిలుపు రాగానే వేదికెక్కి అధ్యక్షుడి ఎడమ పక్కన నిలబడింది. ఆస్ట్రేలియాలో, బ్రిస్బేన్ శివారు సన్నీబ్యాంక్‌లో సూర్యతీర తెలుగు సంఘం ఉగాదికి అద్దెకు తీసుకున్న హాలు నిండా జనం. ఫిజీలో సముద్రం కోసేస్తున్న ఒక ఊరి ఒడ్డును కొబ్బరి పీచు అల్లికతో నిలబెట్టిన ఘనత మన అధ్యక్షులు విష్ణువర్ధన్ గారిదని మైకులో ఒకాయన చెబుతున్నాడు. పసిఫిక్ దీవుల జనంతో ఇక్కడి జనానికి స్నేహం పెంచడానికి ప్రభుత్వం ఇచ్చే చిన్న గ్రాంటును మన సంఘానికి సాధించి పెట్టింది ఆయనేనని కూడా చెప్పాడు.

ఆ ఒడ్డు మీద పరిచిన పీచు వలల్లో మొదటి తాడు పేనింది కనకదుర్గ. ఆ ఊరి ఆడవాళ్ళకు పేనడం నేర్పింది కనకదుర్గ. అసలు ఆ ఆలోచనే కనకదుర్గది. ఆ పనికి కప్పే శాలువా మొయ్యడానికి కూడా సంఘానికి కనకదుర్గే దొరికింది.

శాలువా ఆమె చేతుల్లోంచి వెళ్ళి విష్ణువర్ధన్ భుజాల మీద పడింది. ఫొటోలు తీసే అతను, ఆంటీ, కొంచెం పక్కకి, అన్నాడు. ఆమె జరిగింది. సంఘం వెబ్‌సైటులో ఇప్పటికీ ఉన్న ఆ ఫొటోలో ఖాళీ పళ్ళెం ఉంటుంది, దాన్ని పట్టుకున్న రెండు చేతులు మణికట్టు దాకా ఉంటాయి. అంతవరకే ఆమె.

దిగివచ్చి వంటల బల్ల దగ్గర పులిహోర వడ్డించింది. టూవూంబాకి తిరిగి వెళ్ళే దారిలో, గంటన్నర పైగా పట్టే ఆ ప్రయాణంలో, భర్త శేషగిరి రెండుసార్లు ఆమె మొహం వంక చూసి, ఏమన్నా అంటావేమోనని చూశాను, అన్నాడు.

"పోనీలెండి. పని అయింది కదా," అంది.

ఆ మాట మీదే ఆమె మూడు నెలలు ఉంది. తర్వాత లేదు. ఎందుకు లేదో, ఏం చేసిందో చెప్పడానికే ఈ రాత. ఇందులో క్షమాగుణం వెతుక్కునేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు.

కనకదుర్గది కోనసీమ. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి అమ్ములు కొబ్బరి పీచు పనికి వెళ్ళేది. పచ్చి కొబ్బరి డొక్కల్ని కాలువ పక్క గోతుల్లో నెలల తరబడి నానేస్తారు. నానిన డొక్కల్ని మోకాలి లోతు నల్లటి నీళ్ళలో దిగి పైకి తీసి, కర్రతో కొట్టి పీచు విడదీస్తారు. అమ్ములు ఒంటికి ఆ కుళ్ళు నీటి వాసన ఉండేది. ఆ వాసన కూతురి లంగాకి కూడా పట్టుకుని, బడిలో కనకదుర్గ పక్కన కూర్చోడానికి ఎవరూ ఇష్టపడేవాళ్ళు కాదు. సెలవు రోజుల్లో తల్లికి సాయం వెళ్ళేది. ఒకరు రాట్నం తిప్పుతుంటే ఇంకొకరు నడుముకి పీచు కట్టుకుని, వేళ్ళతో వదులుతూ వెనక్కి నడవాలి. ఎంత దూరం వెనక్కి నడిస్తే అంత తాడు. అమ్ములు రోజంతా అలా వెనక్కే నడిచి కూతురిని నర్సింగ్ కోర్సులో చేర్పించింది. నాలుగేళ్ళ క్రితం పోయింది. ఆఖరి రోజుల్లో ఆమె వేళ్ళు పూర్తిగా ముడుచుకునేవి కావు, పూర్తిగా చాచుకునేవీ కావు.

శేషగిరి డీజిల్ మెకానిక్. అతని వీసా మీద టూవూంబా వచ్చాక కనకదుర్గ ఇక్కడి కోర్సు చేసి వృద్ధుల నర్సింగ్ హోంలో చేరింది. అక్కడే లితియా పరిచయం. ఫిజీ నుంచి కాంట్రాక్టు మీద వచ్చిన మనిషి, బరువైన నవ్వు, ఎత్తైన భుజాలు, పెద్దవాళ్ళని మంచం మీద ఒక్క చేత్తో పక్కకి తిప్పగలదు. ఒకరోజు టీ గదిలో లితియా తన ఊరి వీడియో చూపించింది. ఒడ్డు విరిగి, కొబ్బరిచెట్ల వేళ్ళు గాల్లో వేలాడుతున్నాయి. ఆ చెట్ల కింద గుట్టలు గుట్టలుగా డొక్కలు పోసి తగలబెడుతున్నారు. కనకదుర్గ ఒడ్డు సంగతి ఆనక చూసింది. ముందు ఆ మంట చూసి, "అయ్యో, అది కాల్చేస్తున్నారేంటి?" అంది.

అక్కడ మొదలైంది. పీచు తాడుతో వల అల్లి ఒడ్డు మీద పరిచి, ఆ వల కళ్ళల్లో వట్టివేరు మొక్కలు నాటితే, వల కుళ్ళేలోగా వేళ్ళు మట్టిని పట్టుకుంటాయి. ఆ ఊళ్ళో డొక్కలున్నాయి, నానేయడానికి పాయ ఉంది, చేతులున్నాయి. ఇద్దరూ కలిసి గ్రాంటు సంగతి కనుక్కున్నారు. మనుషులకు విడిగా ఇవ్వరు, రిజిస్టరైన సంఘం ఉండాలన్నారు. కనకదుర్గ తనకి తెలిసిన ఒకే ఒక్క సంఘం తలుపు తట్టింది.

విష్ణువర్ధన్ ఐటీ ఉద్యోగి. సొంతూరు గుంటూరు, తండ్రి బ్యాంకు మేనేజరుగా రిటైరయ్యాడు. చెడ్డవాడని ఎవరూ అనరు. అందరినీ అక్కా, అన్నా అంటాడు, పిలిస్తే వస్తాడు. ఫారం తనే నింపుతానన్నాడు, ఇంగ్లీషు బాగా రావాలి కదా అని. గ్రాంటు వచ్చింది. పోయిన ఏడాది జూన్‌లో కనకదుర్గ తన సెలవులు పెట్టి లితియాతో వెళ్ళింది, డొక్కలు పాయలో నానేయించింది. ఏడు నెలల తర్వాత మళ్ళీ వెళ్ళి పైకి తీయించింది. నడుముకి పీచు కట్టుకుని ఊరి మైదానంలో ఆమె వెనక్కి నడుస్తుంటే పిల్లలు వెనకాల చేరి నవ్వారు. మూడో రోజుకి పద్దెనిమిది మంది ఆడవాళ్ళు వరసగా వెనక్కి నడుస్తున్నారు. విష్ణువర్ధన్ ఒకసారి రెండు రోజులు వచ్చి, ఊరికి దూరంగా హోటల్లో ఉండి, మధ్యాహ్నం పూట కొత్త తాడు పట్టుకుని ఫొటో దిగి వెళ్ళిపోయాడు. ఉగాది ముందే వలలు పరవడం పూర్తయింది. ఆ తర్వాతే శాలువా.

మూడు నెలలకు, జూన్ చివర్లో, కనకదుర్గకి ఒక ఈమెయిల్ వచ్చింది. గ్రాంటు ఆఫీసుకి ఇవ్వాల్సిన తుది నివేదిక. అక్కా, ఇందులో టైపింగ్ తప్పులుంటే సింధుజతో దిద్దించండి, రేపటికల్లా పంపండి, అని విష్ణువర్ధన్ రాశాడు. సింధుజ కనకదుర్గ కూతురు, యూనిలో రెండో ఏడాది. ఆ పిల్ల తెలుగు అర్థం చేసుకుంటుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. చదువుతూ చదువుతూ ఒకచోట ఆగి, ల్యాప్‌టాప్ తల్లి వైపు తిప్పింది.

ప్రాజెక్టు సారథి విష్ణువర్ధన్, కోనసీమలో తరతరాలుగా కొబ్బరి పీచు వృత్తిలో ఉన్న కుటుంబం నుంచి వచ్చినవారు, తల్లి పక్కన కూర్చుని బాల్యంలోనే తాడు పేనడం నేర్చుకున్నారు. అలా ఉంది. కనకదుర్గ పేరు చివరి పేజీలో, వంటలు, రవాణా చూసుకున్న వాలంటీర్ల జాబితాలో ఉంది.

"దిస్ ఈజ్ అమ్మమ్మ," అంది సింధుజ. "మా, హీ టుక్ అమ్మమ్మ. అండ్ యూ హెల్డ్ ద ప్లేట్ ఫర్ హిమ్."

కనకదుర్గ ఆ వాక్యాన్ని నాలుగుసార్లు చదివిందట. పని తీసుకున్నాడు, పోనీ అనుకుంది. పేరు తీసుకున్నాడు, పోనీ అనుకుంది. ఆ గోతుల్లో అమ్మ నిలబడిన నీళ్ళు ఆయన తీసుకుంటాడని అనుకోలేదు. మన మధ్య పీచు పని చేసే ఇంటి నుంచి వచ్చానని చెప్పుకోడానికి ఇన్నేళ్ళూ ఆమెకే నోరు రాలేదు. సంఘం ఆడవాళ్ళు మీవాళ్ళేం చేసేవారని అడిగితే వ్యవసాయమని చెప్పేది. ఎవరి పక్కన కూర్చుంటే వాసన వస్తుందని జరిగిపోయారో, ఆ మనిషి పుట్టుక ఇవాళ గ్రాంటు నివేదికలో పెట్టుకోడానికి పనికొచ్చింది. పుట్టినవాళ్ళు మాత్రం పనికిరాలేదు.

నివేదిక చివర ఇంకో కాగితం ఉంది. రెండో విడత, పక్కనున్న మరో నాలుగు ఊళ్ళకి. సారథి మళ్ళీ ఆయనే. శిక్షణ సంఘం పంపే బృందం ఇస్తుందని రాశాడు. పద్దెనిమిది మంది ఆడవాళ్ళ ఊసు లేదు, లితియా ఊసు లేదు. జూలైలో, పూర్తయిన పనిని ఊరికి అప్పజెప్పే అప్పగింత రోజున ఆ ఊరి పెద్ద ఈ నివేదిక మీద సంతకం పెడితే, గ్రాంటు ఆఫీసు అధికారిణి దాన్ని తీసుకువెళ్తుంది. ఆ సంతకం పడితే అమ్ములు ఎప్పటికీ విష్ణువర్ధన్ తల్లి అయిపోతుంది. ఆ పని ఆ ఆడవాళ్ళ చేతుల్లోంచి పోతుంది.

కనకదుర్గ టైపింగ్ తప్పులు దిద్దించి, చెప్పిన టైముకే పంపేసింది. ఆ వాక్యం ముట్టుకోలేదు.

నివేదిక వచ్చిన ఈమెయిల్ కింద పాత ఈమెయిళ్ళు తోకలా వేలాడుతూ ఉన్నాయి. వాటిలో అధికారిణి రాసిన ఒక ప్రశ్న ఉంది. అప్పగింత రోజున సేవుసేవు ఏర్పాటు మీ సంఘం చూసుకుంటుంది కదా? విష్ణువర్ధన్ జవాబు రెండే మాటలు, ఆల్ అరేంజ్డ్. అదేమిటో ఆయన అడగలేదు, ఎవరినీ కనుక్కోలేదు.

కనకదుర్గకి తెలుసు. ఫిజీ పల్లెల్లో అతిథి ఊళ్ళోకి రాగానే నీళ్ళలో కలిపి తాగే యంగోనా వేరు కట్ట ఒకటి ఊరి పెద్ద ముందు పెట్టాలి. వచ్చినవాళ్ళ తరఫున ఒకరు మాట్లాడాలి, వీళ్ళెవరు, ఎవరి పిల్లలు, ఏ పని మీద వచ్చారు అని. పెద్ద ఆ వేరు అందుకుంటే ఊరి తలుపు తెరిచినట్టు. అందుకోకపోతే నువ్వు అక్కడ కూర్చున్నా ఇంకా బయటే ఉన్నట్టు. దాన్నే సేవుసేవు అంటారు. కనకదుర్గ మొదటిసారి వెళ్ళినప్పుడు లితియా మేనమామ తెవీతా ఆమె పక్షాన మాట్లాడాడు. ఇంకోటి కూడా ఆమెకి తెలుసు. పెద్ద కూర్చుని ఉండగా ఎదురుగా నిటారుగా నడవకూడదు. ఆయన తలని ఎవరూ, ఎప్పుడూ తాకకూడదు.

అప్పగింతకి వారం ముందు విష్ణువర్ధన్ ఫోన్ చేశాడు.

"అక్కా, ఆ పెద్దాయన తల సైజు ఎంతుంటుందంటారు? సన్మానానికి పట్టు తలపాగా హైదరాబాద్ నుంచి రెడీమేడ్ తెప్పిస్తున్నా. నేనే స్వయంగా పెడతా. విజువల్ అదిరిపోద్ది."

"పెద్ద తలేనండి," అంది.

"సూపర్. మీరు పళ్ళెం పట్టుకుని నా పక్కన ఉండండి చాలు. మిగతాది నేను చూసుకుంటా."

"ఆయ్, అలాగేనండి."

మర్నాడు టీ గదిలో లితియాకి చెప్పింది. లితియా నవ్వుతుందనుకుంది. లితియా కప్పు పక్కన పెట్టేసి, నీ పగ తీర్చుకోడానికి మా పెద్దాయన తలే దొరికిందా అని అడిగింది. అలా అవమానం జరిగితే అది విష్ణువర్ధన్‌కి ఒక రోజు, మా ఊరికి తరం అంది. తర్వాత కనకదుర్గ మాటిచ్చింది. మీ పెద్దాయన్ని తాకనివ్వను. కానీ తాకబోయేదాకా రానిస్తాను. అంతకన్నా తగ్గలేను, నన్ను అడగకు. లితియా ఆ రాత్రే మేనమామకి ఫోన్ చేసింది. ఏం చెప్పిందో కనకదుర్గకి చెప్పలేదు.

శేషగిరి మాత్రం ఆఖరి నిమిషం దాకా వద్దన్నాడు. సంఘంలో ఉండాల్సిన వాళ్ళం, ఎందుకొచ్చిన గొడవ అన్నాడు. కనకదుర్గ సూట్‌కేసులో సంఘం వాళ్ళు సన్మానాలకి ఇచ్చిన శాలువాలు పన్నెండు సర్దుతూ, మీ అమ్మని తన అమ్మగా రాసుకుని ఉంటే మీరేమనేవారు, అని అడిగింది. అతను వెళ్ళి కారులో సామాను పెట్టాడు.

ఫిజీ రాజధాని సువా మార్కెట్లో ఆమె మంచి వేరు కట్ట ఒకటి ఎంచుకుని, పేపరులో చుట్టి, తన చేతిసంచిలో అడుగున పెట్టుకుంది.

అప్పగింత రోజు పొద్దున పది గంటలకి ఊరి సభాశాలలో చాపలు పరిచారు. పైవైపు పెద్దాయన, అటూ ఇటూ ఊరి మగవాళ్ళు, వెనక పద్దెనిమిది మంది ఆడవాళ్ళు, లితియా. కిందివైపు అతిథులు. అధికారిణి పొడుగు గౌను సర్దుకుని మోకాళ్ళు పక్కకి మడిచి కూర్చుంది. తెవీతా అతిథుల వైపున, కాస్త ముందుగా కూర్చున్నాడు. విష్ణువర్ధన్ పట్టు కండువా వేసుకుని, మూడు కాళ్ళ స్టాండుకి తన ఫోన్ బిగించి, రికార్డింగ్ నొక్కి వచ్చాడు. గుమ్మం బయట సంఘం బ్యానరు కట్టించాడు. ఫిజీలోని తెలుగు సోదర సోదరీమణులకు వందనం అని దాని మీద ఉంది. నూరేళ్ళ కిందట చెరకు తోటలకి వచ్చిన మనవాళ్ళ వారసులు ఆ దేశంలో ఉన్నమాట నిజమే. ఆ ఊళ్ళో మాత్రం ఒక్కరూ లేరు.

అందరూ కూర్చున్నారు. ఊరివాళ్ళు సేవుసేవు కోసం చూస్తున్నారు.

తన కోసమే ఆగారనుకున్నాడు విష్ణువర్ధన్. డబ్బా తెరిచి తలపాగా తీశాడు. రండక్కా, అని కనకదుర్గకి సైగ చేశాడు. పళ్ళెం ఆమె ఒళ్ళో ఉంది. ఆమె లేవలేదు. ఆయన లేచి, చాపల మధ్యగా, రెండు చేతులతో తలపాగా ఎత్తి పట్టుకుని, చిరునవ్వుతో నడిచాడు. ఒక అడుగు. రెండు. అటూ ఇటూ మగవాళ్ళ భుజాలు బిగుసుకున్నాయి. అధికారిణి ఫైలు మూసేసింది. పెద్దాయన కదల్లేదు, చూపు కూడా ఎత్తలేదు.

మూడో అడుగు వెయ్యబోతుండగా కనకదుర్గ కూర్చున్నచోటి నుంచే చెయ్యి చాచి కండువా కొస పట్టుకుంది.

"కూర్చోండి విష్ణుగారూ."

"అక్కా, కెమెరా ఆన్‌లో ఉంది," అన్నాడు పెదాలు కదపకుండా.

"అందుకే కూర్చోమంటున్నా. ఆయన తల మీద చెయ్యి పడితే వీళ్ళు మిమ్మల్ని ఈ జన్మలో మర్చిపోరు."

ఆయన ఎక్కడున్నాడో అక్కడే కూర్చుండిపోయాడు. అతిథుల వైపు కాదు, పెద్దల వైపు కాదు, ఖాళీ చాప మధ్యలో, ఒళ్ళో తలపాగాతో. అధికారిణి ముందుకి వంగి, సేవుసేవు ఎక్కడని మెల్లిగా అడిగింది. ఆయన కనకదుర్గ వైపు తిరిగాడు. ఏడాదిన్నరలో ఆయన ఆమె మొహం వంక సరిగ్గా చూడడం అదే మొదలు.

"అదేంటక్కా?"

"ఆల్ అరేంజ్డ్ అని మీరే రాశారు కదండీ."

"అక్కా, ప్లీజ్. మీ దగ్గర ఉందా?"

"ఉంది."

"ఇచ్చేయండి మరి."

ఆమె సంచి తెరిచింది. కట్ట పైకి తీసింది. తన ముందు చాప మీద పెట్టుకుంది. ఇవ్వలేదు. తెవీతా అప్పుడు గొంతు సవరించుకుని, అందరికీ అర్థమయ్యేలా ఇంగ్లీషులో అడిగాడు. ఈ వచ్చినవాళ్ళని తెచ్చింది ఎవరు? ఏ పని, ఎవరి పని? ఆ మనిషి ఎవరి బిడ్డ? అది చెప్పకుండా నేను ఎవరి తరఫున నోరు విప్పాలి?

"మీ పేరే చెప్పుకోండక్కా, నాకేం ప్రాబ్లం లేదు," అన్నాడు విష్ణువర్ధన్ గొణుగుతూ.

"నేను చెప్పుకుంటే ఏం లాభం? మీరు చెప్పండి. ఇంగ్లీషులో. ఆవిడకి వినపడేలా."

ఆయన చుట్టూ చూశాడు. ఎవరి మొహంలోనూ సాయం లేదు. ఫోన్ స్టాండు మీద ఎర్ర చుక్క వెలుగుతోంది. అది తను పెట్టుకున్నదే. చెమట కండువా మీదికి దిగింది. కనకదుర్గ తొందరపడలేదు. ఆ సేపంతా ఎలా అనిపించిందని తర్వాత అడిగితే ఆమె సిగ్గుపడకుండా చెప్పింది. ఇంకాసేపు అలాగే ఉంటే బాగుండుననిపించిందట.

చివరికి ఆయన చెప్పాడు. ఈ పని కనకదుర్గది, లితియాది, ఈ ఊరి ఆడవాళ్ళదని చెప్పి ఆపాడు.

"నివేదికలో రాసిందో?" అంది కనకదుర్గ. "పేజీ నాలుగు. మా అమ్మ పేరు అమ్ములు. అదీ చెప్పండి."

చెప్పాడు. పీచు పని చేసిన కుటుంబం తనది కాదన్నాడు. తాడు పేనడం తనకి రాదన్నాడు. ఆ తల్లి కనకదుర్గ తల్లి, పేరు అమ్ములు. ఆ మూడు అక్షరాలూ ఆయన నోట్లోంచి వచ్చాకే కనకదుర్గ వేరు కట్టని తెవీతా చేతికి ఇచ్చింది.

తెవీతా మాట్లాడాడు. వాళ్ళ భాషలో చాలాసేపు మాట్లాడాడు. మధ్యలో అమ్ములు అన్న పేరు రెండుసార్లు వినపడింది. పెద్దాయన వేరు మీద చెయ్యి వేశాడు. మగవాళ్ళందరూ చేతులు గుంటగా చేసి బరువుగా చప్పట్లు కొట్టారు. కాలువ పక్క గోతిలో బతుకు వెళ్ళబుచ్చిన ఒక మనిషి పేరుకి సముద్రం అవతల ఒక ఊరు తలుపు తీసింది.

నివేదిక మీద సంతకం అప్పుడు పడలేదు. ముందు దిద్దమని పెద్దాయన అన్నాడు. విష్ణువర్ధన్ తన కలంతోనే ఆ వాక్యం కొట్టేసి, పక్కన సరైనది రాసి, కింద పొట్టి సంతకం పెట్టాడు. ఆ తర్వాతే పెద్దాయన సంతకం చేశాడు. రెండో విడత కాగితాన్ని అధికారిణి తిరిగి ఇచ్చేసింది. ఊరి ఆడవాళ్ళ సంఘం పేరుతో కొత్తగా దరఖాస్తు పెట్టుకోమంది. వస్తుందని హామీ ఇవ్వలేదు. లితియా, కనకదుర్గ దాన్ని ఆగస్టులో పెట్టారు, సింధుజ టైపు చేసింది. ఫలితం ఇంకా రాలేదు.

బయల్దేరేటప్పుడు పెద్దాయన తెవీతా చేత అడిగించాడు, ఆ డబ్బాలో ఉన్నది నా తల కోసమేనా అని. అవునంది కనకదుర్గ. ఆయన భుజాలు కదిలేలా నవ్వి, నా తల మరీ అంత పెద్దదా అన్నాడు. లితియా ఫోన్లో ఏం చెప్పిందో కనకదుర్గకి అప్పుడు తెలిసింది. పన్నెండు శాలువాలూ ఆ ఆడవాళ్ళు పీచు మోసుకోడానికి పెట్టుకున్నారు.

వెళ్ళిపోతూ విమానాశ్రయంలో విష్ణువర్ధన్ ఆమె దగ్గరికి వచ్చాడు. "ఒక్క మాట ముందే చెప్పి ఉంటే సరిపోయేది కదక్కా, ఇంత చెయ్యాలా," అన్నాడు.

"చెప్పానండి. ఉగాది రోజు పళ్ళెం పట్టుకుని మీ పక్కనే నిలబడ్డా. మీరే చూడలేదు."

ఇక్కడితో అయిపోయి ఉంటే ఇది రాయాల్సిన అవసరం ఉండేది కాదు. అయిపోలేదు. బ్రిస్బేన్ తిరిగివచ్చిన వారానికి సంఘం కార్యవర్గం కూర్చుని, పరాయి దేశంలో అధ్యక్షుడి పరువు తీసినందుకు కనకదుర్గని వాట్సాప్ గ్రూపులోంచి తీసేసింది. ఒకాయన శేషగిరికి ఫోన్ చేసి మీ ఆవిడని కాస్త చూసుకోమన్నాడు. ఎవరి పరువు? ఆమె పేరు కొట్టేసి తన పేరు రాసుకున్నప్పుడు సంఘం పరువు ఎక్కడికి పోయింది? ఫిజీలో చాప మీద కూర్చుని ఆయన తన నోటితో ఒప్పుకున్న నిజాన్ని సన్నీబ్యాంక్‌లో కుర్చీ వేసుకున్నవాళ్ళు ఇంకా ఒప్పుకోవడం లేదు. వెబ్‌సైటు ఇవాళ్టికీ అదే రాస్తోంది, అధ్యక్షుల సారథ్యంలో, వారి కుటుంబ వృత్తి నైపుణ్యంతో. ఆ వాక్యమే వార్షిక నివేదికలోకి ఎక్కింది. గ్రాంటు ఆఫీసు ఫైల్లో కొట్టేసిన అబద్ధం మన ఫైల్లో బతికే ఉంది.

కనకదుర్గ ఇంకా తృప్తిపడలేదు. తృప్తిపడమని ఆమెకి చెప్పకండి, చాలామంది ఇప్పటికే చెప్పారు.

వచ్చే నెల రెండో ఆదివారం మధ్యాహ్నం రెండింటికి అదే హాల్లో సంఘం సర్వసభ్య సమావేశం. వార్షిక నివేదిక ఆమోదానికి పెడతారు. ఎప్పటిలాగే చదవకుండా, కాఫీ చల్లారుతోందని ఆమోదానికి చేతులెత్తకండి. మీరు సభ్యులైతే వెళ్ళండి. పేజీ తెరవమనండి. ఆ వాక్యాన్ని పైకి చదవమనండి, ఆయన చేతే చదివించండి. దిద్దేదాకా ఆమోదించం అని చెయ్యెత్తి చెప్పండి. సభ్యులు కాకపోతే మీ ఊళ్ళో మీ సంఘం తెచ్చిన గ్రాంటు కాగితాలు అడిగి తీసుకుని చదవండి. పని చేసిన ఆడమనిషి ఎక్కడుందో చూడండి, వాలంటీర్ల జాబితాలో ఉంటే ఆమెకి ఫోన్ చెయ్యండి. గ్రాంటు ఇచ్చిన ఆఫీసుకి ఉత్తరం రాయడానికి ఆమె పక్కన కూర్చోండి.

ఇంకొక్కటి. ఆ సమావేశానికి కనకదుర్గ వస్తోంది. ఈసారి ఖాళీ పళ్ళెం తెస్తోంది. ఉగాది నాడు కప్పిన శాలువాని అందులో తిరిగి పెట్టమని అడుగుతుంది. ఆమె ఒక్కతే నిలబడి అడిగితే ఫొటోలవాడు మళ్ళీ పక్కకి జరగమంటాడు. మీరూ లేచి నిలబడండి. ఆ శాలువా పళ్ళెంలో పడేదాకా కూర్చోకండి.